తాళపు గుర్తు, తలుపుమీది పేరు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



తెలుగునాట గ్రంథాలయోద్యమమున సికింద్రాబాదునకు తనదైన స్థానము కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము స్థాపితమయ్యెను. పిమ్మట పల్లెలకును గ్రంథాలయములు వచ్చినవి. పల్లె గ్రంథాలయము పుస్తకములను దాచు బీరువా మాత్రమే కాదు. పత్రిక చదివి వినిపించుట, వచ్చిన ఉత్తరమునకు అర్థము చెప్పుట, అర్జీ వ్రాసిపెట్టుట, వేలిముద్ర వేయబోవువానికి కాగితమున నేమున్నదో ముందుగా తెలియజెప్పుట - ఇవియన్నియు అక్కడ కూర్చుండు చదువుకొన్నవారికి సహజధర్మములు.

నేడు అర్జీ రూపము మారినది. పింఛను కొఱకైనను, ఉద్యోగము కొఱకైనను, రైలు టిక్కెట్టు కొఱకైనను వెబ్‌సైటులోని ఫారమును నింపవలసి వచ్చుచున్నది. పేరు, పుట్టిన తేది, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, సెల్‌ఫోను సంఖ్య - కుటుంబపు గుట్టంతయు ఆ గళ్ళలో చేరుచున్నది. చివర ‘సమర్పించు’ అను మీటను నొక్కుటయే నేటి వేలిముద్ర. ఆ మీటను నొక్కిన క్షణమున ఆ గుట్టును దారిలో నెవరు చూడగలరు? అది ఎవరి చేతికి పోవుచున్నది? చేరిన పిమ్మట నేమగుచున్నది? ఈ మూడు ప్రశ్నలే ఈ ప్రసంగమునకు విషయము. మూడును వేర్వేఱు ప్రశ్నలని గ్రహించినవాడు సగము ఆపదను తప్పించుకొన్నవాడే.

ఈ మార్పు ఒక్కనాట వచ్చినది కాదు. దాని అడుగుజాడలను జంటనగరములలోనే చూడవచ్చును. 1999 డిసెంబరులో ఆనాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పలువిధములైన బిల్లులను ఒకేచోట కట్టించుకొను కేంద్రమును ప్రయోగాత్మకముగా నెలకొల్పి, జంటనగరములు స్ఫురించునట్లు దానికి ‘ట్విన్స్’ అని పేరు పెట్టెను. 2001 ఆగస్టులో ఆ ప్రయత్నమే ‘ఈ-సేవ’గా విస్తరించెను. 2011లో ‘మీసేవ’ ఆరంభమయ్యెను. రైల్వేల కథయు నిట్టిదే. దక్షిణ మధ్య రైల్వేకు ప్రధానస్థానమైన సికింద్రాబాదు, టిక్కెట్ల రిజర్వేషనునకు ఏర్పడిన ఐదు కంప్యూటరు కేంద్రములలో నొకటి. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై కేంద్రములతో దానికి 1999 నాటికి సంధానము కుదిరెను. 2002లో ఐ.ఆర్.సి.టి.సి. వెబ్‌సైటు వచ్చి, స్టేషనునకు పోకయే టిక్కెట్టు కొనుటకు వీలు కల్పించెను.

కౌంటరు ముందు నిలుచున్నవానికి ఎదుట నున్న గుమాస్తా కనబడును. ఆఫీసు బోర్డు కనబడును. కాగితమును ఎవరి చేతికిచ్చెనో వానికి తెలియును. ఫారము నింపువానికి ఇవేవియు కనబడవు. కనబడునది తెరమీది బొమ్మ మాత్రమే. బొమ్మను ఎవరైనను గీయవచ్చును. కావున కన్ను చేయుచుండిన పనిని మఱియొకదానిచేత చేయింపవలసి వచ్చెను. అట్టి అవసరము తీర్చుటకు వచ్చినదే ‘ఎస్.ఎస్.ఎల్.’ అను పద్ధతి, దానితోపాటు వచ్చిన ధ్రువపత్రము.

మొదట దారి సంగతి. గ్రామమున సెల్‌ఫోనులో వ్రాసిన మాట తిన్నగా పోయి సర్వరున వాలదు. ఇంటిలోనో, దుకాణములోనో, స్టేషనులోనో నున్న వైఫై పెట్టె, టెలిఫోను కంపెనీ యంత్రములు, భూమిలోని తీగలు, పెక్కు మజిలీలు దాటి పోవును. రక్షణ లేని పద్ధతిలో పంపిన ఫారము పోస్టుకార్డు వంటిది. మజిలీలోని ఏ మనుష్యుడైనను చదువవచ్చును. చదువుట మాత్రమే కాదు, ఒక అంకెను చెరిపి వేఱొక అంకెను వ్రాసి ముందునకు పంపినను అందుకొన్నవానికి తెలియదు. రక్షణ గల పద్ధతి, లక్కముద్రలు వేసిన ఇన్‌షూరు కవరు వంటిది. లోపలిది కనబడదు, ముద్ర పగిలినచో తెలిసిపోవును.

ఈ కవరును కనిపెట్టినది అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీ. వెబ్‌సైటుల ద్వారా వ్యాపారము ఆరంభమగుచున్న 1994వ సంవత్సరముననే వారు దీనిని రూపొందింపసాగిరి; 1995లో రెండవ రూపమును, 1996లో మూడవ రూపమును వెలువరించిరి. 1999లో ఇది ఒక కంపెనీ సొత్తుగా గాక, ఇంటర్నెట్టు సాంకేతిక నిపుణుల ఉమ్మడి ప్రమాణమై, ‘టి.ఎల్.ఎస్.’ అను కొత్తపేరు పొందెను. 2008లో 1.2, 2018లో 1.3 అను రూపములు వచ్చినవి. పాత ఎస్.ఎస్.ఎల్. రూపములలో లోపములు బయటపడుటచే 2015 నాటికి వానిని వర్జనీయములుగా ప్రకటించిరి. నేడు నడచునది టి.ఎల్.ఎస్.యే. అయినను చెఱువు ఎండినను ఊరికి చెఱువుపేరు నిలిచినట్లు, వాడుకలో ఎస్.ఎస్.ఎల్. అను పేరే నిలిచిపోయినది.

దీని మర్మమును సులభముగా చెప్పవచ్చును. వెనుకటి కాలమున ఇద్దరు రహస్యలిపిలో ఉత్తరములు నడుపదలచినచో, ముందుగా ఒకచోట కలిసికొని ఆ లిపి గుట్టును పంచుకొనవలసి యుండెను. ఒకరినొకరు ఎన్నడును చూడనివారి కిది సాధ్యము కాదు. 1976లో డిఫీ, హెల్మన్ అను ఇద్దరును, 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ అను మువ్వురును గణితమున ఈ చిక్కును విప్పిరి. నొక్కిన పడు తాళపుకప్పను తలచుకొన్న చాలును. దానిని వేయుటకు చెవి అక్కరలేదు. తీయుటకే చెవి కావలెను. ఒక సంస్థ తెరచియున్న తాళపుకప్పలను ఊరంతయు పంచిపెట్టి, చెవిని మాత్రము తన పెట్టెలో దాచుకొన్నదనుకొనుడు. ఎవరైనను తమ పెట్టెకు ఆ కప్పను నొక్కి పంపవచ్చును. తీయగలిగినది ఆ సంస్థ ఒక్కటియే. గణితములోని తాళపుకప్పకు ‘బహిరంగ కీలకము’ అనియు, చెవికి ‘రహస్య కీలకము’ అనియు పేర్లు. మొదటి తరము పద్ధతులలో ఈ ఉపాయముచేత ఉభయులకు మాత్రమే తెలిసిన తాత్కాలికమైన రహస్య సంఖ్యను పంపుకొని, మిగిలిన సంభాషణను దానితో మూయుచుండిరి. 2018 నాటి రూపమున ఆ సంఖ్యను పంపుటయే లేదు. ఇరువైపులవారును ప్రతిసారియు అప్పటికప్పుడు దానిని కలిసి నిర్మించుకొందురు. కావున ఎన్నడైనను సంస్థవారి రహస్య కీలకము దొంగలపాలైనను, వెనుకటి సంభాషణలు మూసియే యుండును.

ఇంతవరకు దారికి భద్రత కుదిరినది. కాని వెంటనే రెండవ ప్రశ్న తలయెత్తును. తాళపుకప్పను ఇచ్చినవాడెవడు? దారిలో కాచియున్న దొంగ తన కప్పనే సంస్థవారి కప్పయని చేతికిచ్చినచో, పంపువాడు ఎంత గట్టిగా నొక్కినను పెట్టె దొంగ యింటనే తెరుచుకొనును. ‘ఈ కప్ప ఫలానా పేరు గలవారిదే’ యని చెప్పు సాక్షి కావలెను. ఆ సాక్ష్యమే ధ్రువపత్రము.

గ్రామస్థులు ధ్రువపత్రముల నెఱుగనివారు కారు. ఆదాయ ధ్రువపత్రమును కాలేజీవారు నమ్ముట విద్యార్థి ముఖము చూచి కాదు. తహసీలుదారు సంతకము చూచి. ఆ తహసీలుదారును నియమించిన ప్రభుత్వమును ఎఱుగుదురు గనుక ఆ సంతకమును నమ్ముదురు. వెబ్‌సైటు ధ్రువపత్రమున వెబ్‌సైటు పేరు, దాని బహిరంగ కీలకము, ఇచ్చిన సంస్థ పేరు, చెల్లుబాటగు తేదీలు, ఆ సంస్థ సంతకము ఉండును. ఇట్టి సంతకమును చేయదగిన సంస్థల జాబితా ప్రతి సెల్‌ఫోనులోను, కంప్యూటరులోను ముందుగనే చేర్చబడియుండును. వెబ్‌సైటును తెరచిన మరుక్షణమున యంత్రము ఆ సంతకమును సరిచూచును. పేరు కలిసినచో, తేది మీరనిచో, సంతకము సరియైనచో దారి తెరచును. ఏ ఒక్కటి తప్పినను హెచ్చరించును.

ఇక్కడనే ఉమ్మడి ధ్రువపత్రము, సొంత ధ్రువపత్రము అను భేదము వచ్చును. చిన్న సంస్థలకు సొంత సర్వరులుండవు. హోస్టింగు కంపెనీలవద్ద అద్దెకు చోటు తీసికొని వెబ్‌సైటు నడుపుదురు. 2000 ప్రాంతమున సొంత ధ్రువపత్రమునకు ఏటేట రుసుము చెల్లింపవలసి యుండెను. అంతేకాదు, ఆ దినములలో ఒక ధ్రువపత్రమునకు ఇంటర్నెట్టున ప్రత్యేకమైన అంకెల చిరునామా నొకదానిని కేటాయింపవలసి యుండుటచే ఖర్చు మఱింత పెరిగెను. కావున హోస్టింగు కంపెనీలు ఒక ఉపాయము పన్నినవి. తమ పేరున ఒక ధ్రువపత్రము తెచ్చి, అద్దెదారులందఱి ఫారములను ఆ పేరు క్రిందనే ఉంచినవి. ఇదియే ఉమ్మడి ధ్రువపత్రము.

చేనేత సహకార సంఘము వెబ్‌సైటును చూచుచున్న ఖాతాదారు ఫారము దగ్గరకు వచ్చుసరికి, పైనున్న పేరు మారి ఎన్నడును వినని కంపెనీ పేరు కనబడును. కవరు గట్టిదియే, ముద్రలు సరియైనవే. రహస్యమును దాచు బలమున సొంతదానికిని ఉమ్మడిదానికిని తేడా లేదు. తేడా యంతయు పేరున నున్నది. ఆ ధ్రువపత్రము ‘ఇది ఫలానా హోస్టింగు కంపెనీ తలుపు’ అని చెప్పునే గాని, ‘ఇది చేనేత సంఘము తలుపు’ అని చెప్పదు. అదే కంపెనీలో చోటు అద్దెకు తీసికొన్న మోసగాడును అదే పేరు క్రింద, అదే తాళపు గుర్తుతో, అటువంటి ఫారమునే పెట్టగలడు. రెంటికి భేదము తెలిసికొను మార్గము ఖాతాదారునకు లేదు.

అంతకంటె పెద్ద కీడు మఱియొకటి జరిగెను. కొందరు ఉమ్మడి ధ్రువపత్రమును తెచ్చి తమ సొంత పేరుమీద వాడబోయిరి. పేరు కలియకపోవుటచే యంత్రము హెచ్చరించెను. అప్పుడు వారు లోపమును దిద్దుటకు బదులు, ‘హెచ్చరికను లెక్కచేయక ముందునకు పొండు’ అని ఖాతాదారులకు నేర్పిరి. కుక్క మొరిగినను లేవనవసరము లేదని ఇంటివారికి నేర్పుట వంటిది ఆ బోధ. ఒకచోట అలవడిన నిర్లక్ష్యము అన్నిచోట్లను వెంటవచ్చును. నిజముగా దొంగ వచ్చిననాడును ఆ వేలు అలవాటుగా ముందునకే నొక్కును. ఒకే పత్రమున పలు పేర్లను వ్రాసి, ప్రతి వెబ్‌సైటును దాని సొంత పేరుతోనే చూపు మఱియొక విధమైన ఉమ్మడి పత్రము కలదు. పేరు సరిగా కలియును గనుక దానివలన ఈ చిక్కు లేదు.

నేడు ఉమ్మడి ధ్రువపత్రమునకు కారణమైన ఇబ్బందులు తొలగిపోయినవి. ఒకే అంకెల చిరునామామీద పలువురు తమతమ ధ్రువపత్రములను వాడుకొను పద్ధతి 2003లో ప్రమాణమై, క్రమముగా అంతట వాడుకలోనికి వచ్చెను. 2015 డిసెంబరులో ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ అను లాభాపేక్ష లేని సేవ ప్రజలందఱికిని తలుపు తెరచి, ధ్రువపత్రములను ఉచితముగా నీయసాగెను. ఆ పత్రములు 90 దినములు చెల్లును; మఱల తెచ్చుకొను పనిని సర్వరే చూచుకొనును. గడువు మీరినచో ఫారము మూతబడునన్న మాటను మాత్రము నిర్వాహకులు మఱవరాదు. ఈ గడువులు ఇంకను తగ్గుచున్నవి. ధ్రువపత్రముల సంస్థలును బ్రౌజరుల కంపెనీలును కలిసి 2025 ఏప్రిలులో చేసికొన్న నిర్ణయము ప్రకారము, 2029 మార్చి నాటికి ఏ ధ్రువపత్రమును 47 దినములకు మించి చెల్లదు. చేతితో గుర్తుపెట్టుకొని మార్చుకొనుకాలము పోయినదన్నమాట.

బ్రౌజరులును కఠినమైనవి. గూగుల్‌వారి క్రోమ్ బ్రౌజరు, రక్షణలేని పేజీలో పాస్‌వర్డునో కార్డు సంఖ్యనో అడిగినచో 2017 జనవరి నుండి ‘సురక్షితము కాదు’ అని చూపసాగెను. అదే సంవత్సరము అక్టోబరు నుండి అట్టి పేజీలోని ఏ ఫారమున ఒక్క అక్షరము వ్రాసినను ఆ మాట చూపెను. 2018 జూలై నుండి రక్షణలేని ప్రతి పేజీకిని ఆ ముద్రయే పడెను. కావున నేడు తాళములేని ఫారమును నింపవలసిన అగత్యము లేదు. నింపుమని ఎవరైన కోరినచో అది వారి అలసత్వమైనను కావలెను, దురుద్దేశమైనను కావలెను.

అయితే తాళపు గుర్తున్నచోటనెల్ల నమ్మవచ్చునా? నమ్మరాదు. ఈ ప్రసంగమంతటిలో గుర్తుంచుకొనవలసిన మాట ఇదియే. ఉచితముగా దొరకు ధ్రువపత్రము మంచివానికి దొరకినట్లే మోసగానికిని దొరకును. ధ్రువపత్రములలో అధికభాగము ‘ఈ పేరు అడిగినవాని అధీనమున నున్నది’ అను ఒక్క సంగతినే విచారించి ఇచ్చునవి. అడిగినవాడు ఎవడు, ఎట్టివాడు అని అవి విచారింపవు. సంస్థ ఉనికిని కాగితములచే విచారించి ఇచ్చు పత్రములు వేఱుగా నున్నను, తెరమీద రెండును ఒక్కతీరుననే కనబడును. తాళపు గుర్తును చూచి జనులు వెబ్‌సైటునే నమ్ముచున్నారని గ్రహించి, క్రోమ్ బ్రౌజరువారు 2023 సెప్టెంబరులో ఆ గుర్తును తీసివేసి వేఱొక గుర్తును పెట్టిరి. తాళము దారికి కాపలా. యజమాని గుణమునకు పూచీ కాదు.

మఱి గుణము తెలిసికొను త్రోవ యేది? తలుపుమీది పేరును చదువుట. పేరును చదువుటయు నేర్చుకొనవలసిన విద్యయే. కవరుమీద మొదట మనుష్యుని పేరు, పిమ్మట ఊరు, చివర జిల్లా వ్రాయుదురు. తపాలావారు దానిని చివరినుండి మొదటికి చదివి బట్వాడా చేయుదురు. వెబ్‌సైటు పేరును సైతము చివరినుండి చదువవలెను. మొదట ఒక ప్రసిద్ధ బ్యాంకు పేరుండి, చివర ‘సహాయము డాట్ కామ్’ అని యున్నచో, అది బ్యాంకువారిది కాదు. ‘సహాయము డాట్ కామ్’ అను పేరును కొనుక్కొన్నవానిది. బ్యాంకు పేరు అక్కడ వాడు తగిలించుకొన్న ముఖముతొడుగు.

ఈ విషయమున హైదరాబాదునకు ప్రత్యేకమైన సంబంధము కలదు. మాసాబ్‌ట్యాంకు వద్దనున్న బ్యాంకింగు సాంకేతిక అభివృద్ధి పరిశోధనా సంస్థను, ఐ.డి.ఆర్.బి.టి. అని వ్యవహరింపబడుదానిని, భారతీయ రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పెను. బ్యాంకులను కలుపు ‘ఇన్ఫినెట్’ అను వలయము 1999లో ఆ సంస్థ చేతిమీదుగనే ఆరంభమయ్యెను. 2000 అక్టోబరు 17న అమలులోనికి వచ్చిన సమాచార సాంకేతిక చట్టము డిజిటలు సంతకమునకు చట్టబద్ధతను ప్రసాదించగా, బ్యాంకుల కొఱకు అట్టి ధ్రువపత్రములను ఇచ్చు బాధ్యతను ఈ సంస్థ వహించెను. 2025లో మఱియొక పని దీనికి అప్పగింపబడెను. బ్యాంకుల పేర్లతో దొంగ వెబ్‌సైటులు పెరుగుచుండుటచే, దేశములోని బ్యాంకులన్నియు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అను చివరి భాగము గల పేర్లకు మారవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించి, 2025 అక్టోబరు 31ని గడువుగా పెట్టెను. ఆ చివరిపేరును బ్యాంకులకు కేటాయించు అధికారము ఈ హైదరాబాదు సంస్థ ఒక్కదానికే ఈయబడెను. చివరన ‘బ్యాంక్ డాట్ ఇన్’ అని యుండుట ఎవడో కొనుక్కొన్న పేరు కాదు. విచారించి ఇచ్చిన పేరు. ప్రభుత్వ కార్యాలయముల పేర్లకు చివరనుండు ‘గవ్ డాట్ ఇన్’ అను మాటయు నిట్టిదే. సికింద్రాబాదులోని రైల్వే రిక్రూట్‌మెంటు బోర్డునకు దరఖాస్తు పెట్టు గ్రామ యువకులు రుసుము కట్టుటకు ముందు ఈ చివరిమాటను చూచుకొనుట మేలు.

సాక్షి చెప్పినదే వేదమా అని ఎవరైన అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. 2011లో హాలండు దేశమున ధ్రువపత్రములిచ్చు డిజినోటార్ అను కంపెనీలోనికి దొంగలు చొరబడి, గూగుల్ మొదలగు పేర్లమీద 500కు మించిన దొంగ పత్రములను పుట్టించిరి. ఇరాన్ దేశమున పలువురి ఉత్తర ప్రత్యుత్తరములు వానివలన బయటపడినవి. ఆ కంపెనీ అదే సంవత్సరము దివాళా తీసెను. 2014 జూలైలో ఈ దేశమునందును అట్టి సంఘటన జరిగెను. జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రము పక్షమున ధ్రువపత్రములనిచ్చు శాఖనుండి గూగుల్ పేర్లకు అనధికార పత్రములు వెలువడినట్లు జూలై 2న గూగుల్‌వారు కనిపెట్టిరి. మరునాడే భారత ధ్రువీకరణాధికారుల నియంత్రణ కార్యాలయము ఆ కేంద్రపు మధ్యస్థ పత్రములను రద్దు చేసెను. పిమ్మట క్రోమ్ బ్రౌజరు, ఆ వ్యవస్థ ఇచ్చు పత్రములను కొన్ని భారతీయ నామములకు మాత్రమే పరిమితము చేసెను. ఈ అనుభవములనుండి ఒక మంచి ఏర్పాటు బలపడెను. ధ్రువపత్రములను అందఱును చూడదగిన బహిరంగ పద్దులలో నమోదు చేయవలెనను నియమమును క్రోమ్ బ్రౌజరు 2018 ఏప్రిలు నుండి కొత్త పత్రములకెల్ల విధించెను. తన పేరున ఇతరులు పత్రము తీసికొన్నచో సంస్థవారు ఆ పద్దులో చూచి పట్టుకొనవచ్చును. సాక్షి తప్పు చెప్పవచ్చును. కాని చాటున చెప్పుటకు వీలు తగ్గినది.

ఇక మూడవ ప్రశ్న. ఫారము భద్రముగా చేరినది. సరియైన తలుపుననే చేరినది. పిమ్మట? ఇన్‌షూరు కవరును అందుకొన్నవాడు దానిని చించి, లోపలి సంగతిని పోస్టుకార్డుమీద వ్రాసి వేఱొకరికి పంపినచో ముద్రలవలన ప్రయోజనమేమి? చిన్న వెబ్‌సైటులలో పెక్కింట జరుగునది ఇదియే. వచ్చిన ఫారమును సర్వరు వెంటనే మామూలు ఈ-మెయిలుగా మార్చి కార్యాలయమునకు పంపును. అది అక్కడ సంవత్సరముల తరబడి పడియుండును. ముగ్గురు నలుగురు చూతురు. ఒకరు తమ ఫోనులోనికి దింపుకొందురు. ఇంకొకచోట ఫారము అమర్చుటలోనే తప్పుండును. నింపిన సంగతులు పేజీ చిరునామాలో చేరి, సర్వరు పద్దులోను, చూచిన కంప్యూటరు చరిత్రలోను నిలిచిపోవును. మఱియొకచోట పేజీకి తాళముండును గాని, మీట నొక్కిన పిమ్మట సంగతులు పోవు చిరునామాకు తాళముండదు; లేదా చేరు చిరునామాకు తాళముండి, ఫారము పేజీకి ఉండదు. రెండవదియు ప్రమాదమే. తాళములేని పేజీని దారిలోని దొంగ మార్చి, చేరు చిరునామానే తనదిగా దిద్దగలడు. కావున ఆరంభమునుండి తుదివరకు తాళముండవలెను.

ఈ మాటలు పెద్ద సంస్థలకు మాత్రమే అనుకొనరాదు. పల్లె గ్రంథాలయము సైతము సభ్యత్వ ఫారమును వెబ్‌సైటులో పెట్టు దినములివి. అట్లు పెట్టు కార్యవర్గము కొన్నింటిని పాటింపవలెను. ఫారము గ్రంథాలయపు సొంత పేరుననే, సొంత ధ్రువపత్రముతోనే యుండవలెను. అది ఉచితముగా దొరకుచుండగా ఉమ్మడి పేరు చాటున దాగనవసరము లేదు. ప్రతి పేజీకిని తాళముండవలెను. వచ్చిన ఫారములు ఈ-మెయిలులో తిరుగక సర్వరున భద్రముగా నిలిచి, ‘కొత్త ఫారము వచ్చినది’ అను కబురు మాత్రమే కార్యదర్శికి అందవలెను. చూడదగినవారు ఒకరిద్దరే కావలెను. పని తీరిన పిమ్మట తీసివేయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, అక్కరలేనిదానిని అడుగరాదు. పుస్తకము ఇచ్చుటకు పేరు, చిరునామా, ఫోను సంఖ్య చాలును. ఆధార్ సంఖ్యతో పనియేమి? అడుగని సంగతిని ఏ దొంగయు ఎత్తుకొనిపోలేడు. ఇతరుల స్వవిషయములను సేకరించువారికి బాధ్యతలు కల్పించుచు 2023లో పార్లమెంటు డిజిటలు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. సమ్మతి లేక సేకరింపరాదనియు, చెప్పిన పనికే వాడవలెననియు దాని సారాంశము. చట్టము చెప్పుటకు ముందే ఇది మర్యాద.

చందాదారులకును కొన్ని మాటలు. ఎవరో పంపిన లింకును నొక్కి ఫారమునకు పోవుటకంటె, పేరును తామే వ్రాసి పోవుట మంచిది. యంత్రము హెచ్చరించినచో ఆగవలెను; ముందునకు పొమ్మని చెప్పువాడు ఎంత చదువరియైనను వినరాదు. పేరును చివరినుండి చదువవలెను. అడిగిన సంగతికిని జరుగవలసిన పనికిని సంబంధమున్నదా యని విచారింపవలెను. ఓటీపీని, పాస్‌వర్డును ఎవరికిని చెప్పరాదు. మోసము జరిగిపోయినచో సిగ్గుపడి దాచుకొనక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన అంత మేలు; డబ్బు చేతులు మారకముందే నిలుపుటకు అవకాశముండును.

పూర్వము పల్లెలలో వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకొన్న కుటుంబములు కలవు. చదువు రాకపోవుట మాత్రమే వారి కొఱత కాదు. కాగితమును చదివి చెప్పు నమ్మకమైన మనుష్యుడు దగ్గర లేకపోవుట పెద్ద కొఱత. అట్టి కొఱతను తీర్చుటలో గ్రంథాలయములకు భాగము కలదు. నేడు అక్షరములు వచ్చినవాడును ఫారము ముందు నిరక్షరుడగుచున్నాడు. చదువుకొన్న కుమారుడు పట్టణమున నుండగా, తండ్రి ఒంటరిగా ఫోను తెర ముందు కూర్చుండి మీట నొక్కుచున్నాడు. ఆ తండ్రి గ్రంథాలయమునకు వచ్చి, ‘ఈ పేరు సరియైనదేనా, చూచి చెప్పుడు’ అని అడుగగలిగినచో, ఆ మాటకు నిదానముగా సమాధానము చెప్పువారు అక్కడ నుండినచో, వారానికొకసారి సాయంకాలమున అందుకొఱకై ఒక బల్ల వేయబడినచో, ఈ రజతోత్సవమునకు తగిన సేవ జరిగినట్లగును. పాతిక సంవత్సరములు పుస్తకములను భద్రముగా కాపాడిన సంస్థకు, సభ్యుల గుట్టును కాపాడుట కొత్తధర్మము కాదు. పాతధర్మమే కొత్తరూపున వచ్చినది.